ప్రైవేట్ 5జీకి సిగ్నలింగ్ తగ్గింపు ప్యాకేజీ: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ప్రైవేట్ 5జీ (ఒక సంస్థ తన ఆవరణకే పరిమితంగా నడుపుకునే 5జీ నెట్‌వర్క్) పరికరాలు అమ్మే ఒక సంస్థ తన బేస్ స్టేషన్ సాఫ్ట్‌వేర్‌కు అదనంగా, సిగ్నలింగ్ (నియంత్రణ సందేశాల) భారాన్ని తగ్గిస్తుందని చెబుతూ, సెల్‌కు (బేస్ స్టేషన్ సిగ్నల్ అందే ఒక్కో ప్రాంతానికి) ఇంత చొప్పున విడి లైసెన్సు ఇస్తోంది. చేతి స్కానర్లు, ఫోర్క్‌లిఫ్ట్‌ల మీది టాబ్లెట్లు, గోడలకు బిగించిన ఉష్ణోగ్రత సెన్సర్లు కలిసి పనిచేసే ఒక పెద్ద గోదాము నెట్‌వర్క్‌లో దీన్ని కొంతకాలంగా నడుపుతున్నాను. ఇటువంటి చోట వెళ్లే డేటా స్వల్పమే. ఆ కాస్త డేటాను పంపడానికి ముందూ వెనకా నడిచే నియంత్రణ సందేశాలే రేడియో మీద, కోర్ (నెట్‌వర్క్‌ను నడిపించే కేంద్ర భాగం) మీద అసలు బరువు మోపుతాయి. ఆ బరువును ఈ ప్యాకేజీ ఎంతవరకు దించగలిగిందన్నదే ఈ సమీక్ష విషయం.

ఇందులో పెట్టిన డబ్బుకు తగిన భాగం ఇనాక్టివ్ స్థితి నిర్వహణ. 4జీ తొలి ప్రమాణాల్లో పరికరానికి రెండే స్థితులుండేవి: అనుసంధానమై ఉండటం, ఐడిల్‌లో (అనుసంధానం తెగి ఖాళీగా) ఉండటం. ఐడిల్‌లోకి జారిన పరికరం వివరాలను బేస్ స్టేషన్ చెరిపేస్తుంది కాబట్టి, అది మళ్లీ నాలుగు బైట్లు పంపాలన్నా ర్యాండమ్ యాక్సెస్ (బేస్ స్టేషన్‌ను తొలిగా పలకరించడం), ఆర్‌ఆర్‌సీ సెటప్ (దానితో రేడియో అనుసంధానం), కోర్‌కు సర్వీస్ రిక్వెస్ట్ (సేవ కోసం అభ్యర్థన), భద్రతా ఆదేశం, బేరర్ల (డేటా వెళ్లే దారుల) ఏర్పాటు అన్నీ మొదటి నుంచి జరగవలసిందే. 2018లో మొబైల్ ప్రమాణాల విడత అయిన రిలీజ్ 15తో వచ్చిన 5జీ, ఆర్‌ఆర్‌సీ ఇనాక్టివ్ అనే మూడో స్థితిని చేర్చింది. ఇందులో పరికరమూ, దానికి చివరగా సేవ అందించిన బేస్ స్టేషనూ భద్రతా కీలతో సహా పాత వివరాలను దాచుకుంటాయి. కోర్ దృష్టిలో పరికరం అనుసంధానంలోనే ఉంటుంది. తిరిగి మేల్కొన్నప్పుడు ర్యాండమ్ యాక్సెస్ తర్వాత ఒక రెజ్యూమ్ అభ్యర్థన, దానికి జవాబు, ముగింపు సందేశం సరిపోతాయి. పరికరం అదే బేస్ స్టేషన్ కింద ఉన్నంతవరకు కోర్‌ను కదిలించవలసిన అవసరమే రాదు. మా స్కానర్ల విషయంలో తేడా స్పష్టంగా కనిపించింది: షిఫ్టు మొదలయ్యే వేళల్లో కోర్ మీద పడే సర్వీస్ రిక్వెస్టుల వెల్లువ బాగా తగ్గింది.

అయితే ఈ లాభం నోటిఫికేషన్ ఏరియాను ఎలా గీశామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇనాక్టివ్‌లో ఉన్న పరికరం ఆ ఏరియా లోపల ఎవరికీ చెప్పకుండా తిరగవచ్చు. హద్దు దాటితే మాత్రం అప్‌డేట్ పంపాలి. ఏరియాను చిన్నదిగా గీస్తే ఫోర్క్‌లిఫ్ట్ వరుస మారిన ప్రతిసారీ అప్‌డేట్ వస్తుంది, పెద్దదిగా గీస్తే ఒక్క పరికరాన్ని వెతకడానికి ఏరియాలోని సెల్‌లన్నీ పేజింగ్ చేయవలసి (దాన్ని పిలవవలసి) వస్తుంది. ప్రమాణం ప్రకారం ఈ ఏరియాను ఒక్కో పరికరానికి విడిగా నిర్ణయించవచ్చు. కదలని సెన్సర్‌కు ఒక్క సెల్, తిరిగే టాబ్లెట్‌కు మొత్తం ఆవరణ ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఈ ప్యాకేజీ మాత్రం అందరికీ ఒకే ఏరియాతో వస్తుంది, గుంపులుగా విడదీసే సదుపాయం సహాయ విభాగాన్ని పదేపదే అడిగితే తప్ప తెరుచుకోలేదు. హద్దు దాటకపోయినా ఎంతసేపటికొకసారి అప్‌డేట్ పంపాలో చెప్పే క్రమానుగత అప్‌డేట్ టైమర్‌దీ ఇదే కథ. దాన్ని 5 నిమిషాల నుంచి 720 నిమిషాల వరకు పెట్టుకోవచ్చు. గోడకు బిగించిన సెన్సర్‌కు అతి తక్కువ విలువను డిఫాల్టుగా ఎందుకు ఇచ్చారో నాకు అర్థం కాలేదు.

చిన్న డేటా ప్రసారం, అంటే అనుసంధాన స్థితికి రాకుండా ఇనాక్టివ్‌లో ఉండగానే కొద్దిపాటి డేటాను పంపే పద్ధతి, రిలీజ్ 17లో వచ్చింది. కరపత్రంలో మొదటి పేజీ దీనిదే. ముందే కేటాయించిన వనరుల మీద పంపే విధానం కదలని సెన్సర్లకు అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే ఆ కేటాయింపు ఇచ్చిన సెల్‌లోనే, టైమింగ్ అడ్వాన్స్ (దూరాన్ని బట్టి పంపే సమయాన్ని సర్దే విలువ) చెల్లుబాటులో ఉన్నంతసేపే పనికొస్తుంది. కానీ మోడెమ్ కూడా రిలీజ్ 17ది కావాలి. రిలీజ్ 15 లేదా 16 మోడెమ్‌లున్న స్కానర్లకు ఈ లైసెన్సు వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ మాట కరపత్రంలో ఎక్కడా కనబడదు.

హెడర్ (ప్రతి డేటా ప్యాకెట్ ముందుండే చిరునామా వంటి వివరాలు) కుదింపును కూడా ఇందులోనే కలిపారు. నిజానికి అది సిగ్నలింగ్ కాదు, డేటా వెంట వచ్చే అదనపు బరువు. 2001 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3095 చూపిన దారిలో ఐపీవీ4 మీద 40 బైట్లుండే వాయిస్ హెడర్లు కొద్ది బైట్లకు కుదించుకుపోతాయి. పుష్-టు-టాక్ (వాకీటాకీలా మీట నొక్కి మాట్లాడే సేవ) వాడేవారికి మేలు, పెద్ద ప్యాకెట్ల కెమెరా వీడియోకు నామమాత్రం.

తెలివైన పేజింగ్ అని పేరు పెట్టిన భాగం నిరాశపరిచింది. పరికరం చివరగా కనిపించిన సెల్‌లో మొదట పిలిచి, పలకకపోతే పరిధిని పెంచడమే దీని పని. సెన్సర్లకు ఇది బాగానే ఉంది, కానీ వాటిని పిలవవలసిన అవసరమే అరుదు. తరచుగా పిలుపులు అందుకునే టాబ్లెట్లేమో ఎప్పుడూ కదులుతూ ఉంటాయి. మొదటి పిలుపు వృథా అయితే ఇంకో పేజింగ్ చక్రం ఆగాలి, చక్రం 1.28 సెకన్లయితే ఆలస్యం అంత పెరుగుతుంది, పైగా వృథా పోయిన సందేశాల లెక్క వేరు. టాబ్లెట్లకు దీన్ని ఆపేశాం.

డ్యాష్‌బోర్డు గురించి ఒక హెచ్చరిక. 'తగ్గిన సందేశాలు' అని అది చూపే సంఖ్యలో ఆర్‌ఆర్‌సీ, కోర్ సందేశాలే ఉంటాయి. పరికరం వేరే బేస్ స్టేషన్ కింద మేల్కొన్నప్పుడు పాత వివరాలను ఎక్స్ఎన్ (బేస్ స్టేషన్లను నేరుగా కలిపే) లింకు మీద తెప్పించుకోవడం, బేస్ స్టేషన్ల మధ్య నడిచే పేజింగ్ ఆ లెక్కలోకి రావు. ఒకచోట దించిన బరువును మరోచోట ఎత్తారా లేదా అన్నది తెలియాలంటే ఎక్స్ఎన్ కౌంటర్లను విడిగా తీసి చూసుకోవాలి.

ఇంతకూ మా నెట్‌వర్క్‌లో అతి పెద్ద తగ్గింపు ఈ ప్యాకేజీ వల్ల రాలేదు. స్కానర్ యాప్ సర్వర్‌కు అరనిమిషానికొకసారి 'ఉన్నాను' అని చెప్పేది. డేటా ఆగాక పరికరాన్ని పడుకోబెట్టే నిష్క్రియ టైమర్ 10 సెకన్లు. అంటే ప్రతి పలకరింపుకూ పరికరం లేచి, కూర్చుని, మళ్లీ పడుకునేది. యాప్ అలా పలకరించడానికి కారణం మధ్యలోని ఫైర్‌వాల్ యూడీపీ (ముందుగా అనుసంధానం ఏర్పరచకుండానే ప్యాకెట్లు పంపే పద్ధతి) సెషన్లను అతి త్వరగా మూసేయడం. నాట్ పెట్టెలు (లోపలి నెట్‌వర్క్ చిరునామాలను బయటి చిరునామాలతో జతచేసేవి) యూడీపీ మ్యాపింగ్‌ను, అంటే ఆ జతను, 2 నిమిషాలకు ముందే తీసేయరాదని ఆర్‌ఎఫ్‌సీ 4787 చెబుతుంది. మా ఫైర్‌వాల్ గడువు అంతకన్నా తక్కువగా ఉండేది. గడువును పెంచి, పలకరింపుల మధ్య వ్యవధిని కూడా ఆ మేరకు పెంచిన తర్వాత మేల్కొలుపులే తగ్గాయి. దానికి ఏ లైసెన్సూ అక్కరలేదు.

సెన్సర్లు, స్కానర్లు వందల సంఖ్యలో ఉండి, మోడెమ్‌లు ఇనాక్టివ్ స్థితిని సమర్థించే చోట మొదటి భాగాన్ని మాత్రం తీసుకోమని చెబుతాను. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా రాబట్టుకోవాలి: పరికరాల గుంపు వారీగా నోటిఫికేషన్ ఏరియాను, టైమర్‌ను మార్చుకునే అధికారం కొనుగోలుదారుకు ఉంటుందా, పేజింగ్ భాగాన్ని తీసేస్తే ధర తగ్గుతుందా.