గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి కారు టైరు: 34 వేల కిలోమీటర్ల తర్వాత

టూరింగ్ బండికి, అంటే దూరప్రయాణాల పెద్ద బైకుకు, వెనక కారు టైరు వేసుకోవడాన్ని బండివాళ్లు ‘డార్క్‌సైడ్’ అంటారు. ఎందుకు వేస్తారు, ఎందుకు వద్దంటారు అన్న చర్చ ఆ మాట తెలిసినవాళ్లందరికీ పాతదే, కాబట్టి అందులోకి వెళ్లను. నాది హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800. కంపెనీ చెప్పిన 180/60 ఆర్16 సైజు బైకు టైరు తీసేసి 195/55 ఆర్16 రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంతదూరం నడిచే కారు టైరు) వేయించాను. లెక్క కడితే రెండింటి ఎత్తుకీ తేడా ఒకటిన్నర మిల్లీమీటరే. నేను చెప్పాలనుకున్నది ఆ టైరు సైడ్‌వాల్ గురించి, అంటే గాలి పోయినా బరువు మోసే ఆ గట్టి పక్కగోడ గురించి మాత్రమే.

ఆ రోజు వెనక మా ఆవిడ, మూడు పెట్టెల నిండా సామాను. తిన్నని రోడ్డు, 90లో వెళ్తున్నాం. వాల్వు మూతకు బదులు బిగించుకున్న చిన్న గాలి సెన్సార్ కీచుమంది. 36 పీఎస్‌ఐ ఉండాల్సిన వెనక టైరు 27 చూపిస్తోంది. బండిలో ఏ తేడా లేదు కాబట్టి సెన్సార్ బ్యాటరీ అయిపోయిందేమో అనుకున్నాను. మళ్లీ చూసేసరికి 19. ఆ తర్వాత 11. మెల్లగా పక్కకు తీసి ఆపేసరికి సున్నా.

ఇదివరకు బైకు టైరు ఉన్నప్పుడు కూడా ఒకసారి వెనక పంక్చరైంది. అప్పుడు ఏ మీటరూ చెప్పక్కర్లేకపోయింది. బండి తోక అటూ ఇటూ ఊగిపోయి, పడకుండా ఆపడమే గగనమైంది. అందుకే ఈసారి దిగగానే నమ్మలేక టైరును బూటుతో తన్ని చూశాను. రాయిలా ఉంది. మధ్య గాడిలో ఒక బోల్టు దిగబడి ఉంది, దాని తల రోడ్డుకు అరిగి వెండిలా మెరుస్తోంది. మా ఆవిడ వంగి చూసి, “గాలి లేదంటున్నారు, టైరు నిండుగానే ఉంది కదండీ?” అంది.

పంక్చర్ కిట్ ఉంది. పంపు ఇంట్లో ఉంది. రన్‌ఫ్లాట్ కదా అన్న ధీమాతో నేనే తీసి పెట్టేశాను. కారుకైతే గాలి లేకుండా, 80 వేగం దాటకుండా, 80 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చని చెప్తారు. బైకుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. దగ్గర్లో ఉన్న టైరు షాపు 43 కిలోమీటర్లు. 50 దాటకుండా వెళ్లాం. తిన్నగా ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. మలుపుల్లో మాత్రం హ్యాండిల్ తిప్పిన క్షణం తర్వాత గానీ వెనకభాగం కదిలేది కాదు, తాడు కట్టి బరువైన మూటను లాక్కెళ్తున్నట్టు. చివరి పది కిలోమీటర్లలో కాలిన రబ్బరు వాసన. అయినా షాపు ముందు ఇద్దరం మా కాళ్ల మీద దిగాం. టైరును ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ ఆనందం టైరు విప్పేదాకానే. మెకానిక్ లోపల చెయ్యి పెట్టి తీసి చూపించాడు, అరచేతి నిండా నల్లటి రబ్బరు పొడి. సైడ్‌వాల్ లోపలి నుంచి నలిగి రాలింది. “బయట చూస్తే ఇంకో పది వేలు తిరిగేలా ఉందండీ, లోపల అయిపోయింది” అన్నాడు. నా పాత బైకు టైర్లు 15 వేలకే అరిగేవి కాబట్టి 34 వేలు రావడం లాభమే. కానీ 50 వేలు వస్తుందని అందరికీ ముందే చెప్పేసి ఉన్నాను.

రిమ్ము కూడా చూపించాడు. అంగుళాలు ఒకటే అయినా బైకు రిమ్ములో బీడ్ (రిమ్మును పట్టుకునే టైరు అంచు) కూర్చునే చోటు ఆకారం కారు రిమ్ములా ఉండదు. టైరు కంపెనీలు ఇది వద్దనడానికి ఒక పెద్ద కారణం అదే. గాలి పోయాక కూడా బీడ్ 43 కిలోమీటర్లు అక్కడే పట్టుకుని ఉందంటే అది సైడ్‌వాల్ గొప్పతనమో, నా అదృష్టమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అడిగినవాళ్లందరికీ “వంపుల్లో తేడా ఏమీ లేదు, రెండొందల కిలోమీటర్లలో అలవాటైపోతుంది” అని చెప్పేవాణ్ని. అలవాటైపోవడం వరకు నిజం. ఆ మధ్య మా స్నేహితుడి బండి నడిపాను. అదే మోడల్, వెనక బైకు టైరు. మొదటి మలుపులోనే బండి నేను అనుకున్నదానికన్నా ఎక్కువ వాలి, లోపలి గీత మీదికి వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ప్రతి మలుపులోనూ నా చేతులు హ్యాండిల్‌ను నొక్కి పట్టుకునే ఉన్నాయని. గుండ్రటి టైరు దానంతటది వాలుతుంది. చదునైన టైరు వాలినప్పుడల్లా మళ్లీ నిటారుగా లేవాలని చూస్తుంది. ఆ గట్టి సైడ్‌వాల్ ఆ మొండితనాన్ని ఇంకాస్త పెంచుతుంది. రోడ్డు ఒక పక్కకు వాలి ఉన్నచోట మెల్లగా యూటర్న్ తీసుకోవాలంటే నాకు ఇప్పటికీ టెన్షనే. గతుకుల గురించి మా ఆవిడ నడుమును అడగాలి.

లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) చూసి మురిసిపోయేవాళ్లకు ఒక మాట. పాత టైరు మీద 74, అంటే 375 కిలోలు. దీని మీద 87, అంటే 545. నేనూ ఆ అంకె చూసే ఆశపడ్డాను. కానీ ఆ 545 కారు రిమ్ము మీద, నిటారుగా నిలబడి తిరిగే చక్రానికి ఇచ్చిన అంకె.

రెండోసారి కూడా కారు టైరే వేయించాను. మా ప్రయాణాలు తొంభై శాతం తిన్నని హైవేలు, ఎప్పుడూ ఇద్దరం, ఎప్పుడూ సామాను. ఘాట్ రోడ్ల సరదా ఉన్నవాళ్లు, ఒంటరిగా తేలిగ్గా తిరిగేవాళ్లు నన్ను చూసి వేయించుకోవద్దు. వేయించుకునేవాళ్లు ముందు బీమా కంపెనీని అడగండి. నేను అడిగింది వేయించాక.

కొత్త టైరు ఇప్పటికి ఆరు వేలు తిరిగింది. పంపు మళ్లీ పెట్టెలోకి వచ్చింది. దాన్ని నేను పెట్టలేదు, మా ఆవిడే తన బట్టలు కొన్ని తీసేసి అందులో పెట్టింది.