వేడి పై (pie) కొనాలా, చల్లటిది తెచ్చి కాల్చుకోవాలా?

పిండి పొరలో మాంసం, కూరగాయలు, చీజ్ కూరి కాల్చిన పైలు అమ్మే చిన్న టేక్‌అవే షాపులో వార్మర్‌లోంచి (వేడిగా ఉంచే పెట్టెలోంచి) తీసిచ్చే వేడిదీ, ఇంటికి తీసుకెళ్లే చల్లటిదీ రెండూ ఉంటే ఏది తీసుకోవాలి?

పది నిమిషాల్లో తినేస్తారంటే వేడిదే. ఇల్లు దూరమైతే మాత్రం ఆవిరి దాన్ని పాడుచేస్తుంది. బిగుతు మూత ఉన్న డబ్బా వద్దు, కాగితం సంచిలో పెట్టించుకుని మూతి తెరిచి ఉంచండి. గంటల తరబడి వార్మర్‌లో ఉన్నదాన్ని చూడగానే పోల్చుకోవచ్చు: అంచులు ఎండిపోయి ఉంటాయి, గ్రేవీ ఇంకి అడుగు మెత్తబడి ఉంటుంది. ఇంకో మాట, పొర గోరువెచ్చగా ఉన్నా లోపలి గ్రేవీ నాలుక కాల్చగలదు.

చల్లటిదైతే ముందుగా అడగాల్సింది ఒకటే: ఇది కాల్చినదా, పచ్చిదా? పచ్చిదానికి చాలా ఎక్కువ సమయం కావాలి, షాపువాళ్లు చెప్పినంతసేపూ కాల్చాలి. కాల్చినదైతే, చేతిలో పట్టే సైజుకి 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20–25 నిమిషాలు. ట్రేని ఓవెన్‌లోనే ముందుగా వేడెక్కించి, దాని మీద పెడితే అడుగు కరకరలాడుతుంది. పైభాగం తొందరగా రంగు తిరిగితే ఫాయిల్ కప్పండి. మధ్యలో 75 డిగ్రీలు రావాలి. థర్మామీటర్ లేకపోతే సన్నటి కత్తి గుచ్చి పది సెకన్లు ఉంచి తీయండి, మొన చురుక్కుమనాలి.

మైక్రోవేవ్ మాత్రం దండగ. కూర వేడెక్కుతుంది గానీ, దాని తేమంతా ఎక్కి పొర తడిగుడ్డలా వేలాడుతుంది.

కొత్త షాపులో మొదటిసారి అయితే వేడిది ఒక్కటి తిని చూడండి. నచ్చితే చల్లటివి నాలుగు తెచ్చుకోవచ్చు, ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి. మిగిలిన వేడి పైని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.