మా గాజు వసారా: ఏడు చలికాలాల తర్వాత

2018 అక్టోబరులో మా ఇంటి వెనక సన్‌రూమ్ కట్టించాం. మేముండేది మిషిగన్‌లో, నోవైలో. గది 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. మూడు వైపులా కిటికీలు, పైన మామూలు షింగిల్ కప్పు. కరెంటు పని, ఏసీ, పర్మిట్లు అన్నీ కలిపి 63,400 డాలర్లయింది. మావారికి కావాలి, నాకు వద్దు. అదే డబ్బుతో బేస్‌మెంట్ బాగు చేయిస్తే చుట్టాలొచ్చినప్పుడు పడుకోవడానికి రెండు గదులొస్తాయని నా వాదన. ఏడు చలికాలాలు గడిచాక ఇప్పుడెవరైనా కట్టించుకోమంటారా అనడిగితే కట్టించుకోమనే అంటాను. కాని మేం కట్టించినట్టు మాత్రం కాదు.

ముందు ఒక సంగతి. ఇక్కడ సన్‌రూమ్ అంటే రెండు రకాలు. త్రీ సీజన్ గదికి ఇన్సులేషన్ ఉండదు, హీటింగ్ ఉండదు. ఫోర్ సీజన్ గది ఇంట్లో మిగతా గదుల్లాంటిదే. మాకు మొదటిదానికి 31,000, రెండోదానికి 58,000 చెప్పారు. తేడా చూసి మొదటిదానికే మొగ్గాను. మావారు వినలేదు, ఆ విషయంలో ఆయనే రైటు. మా వీధిలోనే ఒకాయన త్రీ సీజన్ కట్టించారు. నవంబరు నుంచి మార్చి దాకా అది కుర్చీలు, సైకిళ్లు పెట్టుకునే కొట్టు. పైగా బ్యాంకుల దగ్గర ఇంటి అప్పులు కొనే పెద్ద సంస్థ ఫానీ మే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ సంస్థ లోన్లకు ఇంటి విలువ కట్టే అప్రైజర్లు ఇంటిని ఆన్సీ (అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ) పద్ధతిలో కొలవాలి. ఆ పద్ధతిలో హీటింగ్ లేని గది ఇంటి చదరపు అడుగుల్లోకి రాదు. మిషిగన్ లాంటి చోట త్రీ సీజన్ గది కట్టించే కంటే నాలుగు మంచి కుర్చీలు కొని డెక్ మీద, అంటే పెరట్లో కప్పులేని చెక్క అరుగు మీద వేసుకోవడం నయం.

పాత డెక్ మీదే కట్టేస్తాం, ఖర్చు తగ్గుతుంది అని ఒక కంపెనీవాళ్లు ఆశపెట్టారు. ఇక్కడ చలికి నేల లోతుగా గడ్డకట్టి పైకి ఉబ్బుతుంది, అందుకని పునాది 42 అంగుళాల కిందికి వెళ్లాలి. మా డెక్ స్తంభాలు గాజు గోడల బరువుకు వేసినవి కావు. డెక్ పీకించి కొత్త పునాది వేయించాం. సిటీవాళ్లు వచ్చి గొయ్యి కొలిచి చూశాకే కాంక్రీటు పోయనిచ్చారు.

ఇక దిక్కు. వాస్తు పేరు చెప్పి ఇల్లు కొనేటప్పుడు తూర్పు గుమ్మం కావాలని పట్టుబట్టినదాన్ని, సన్‌రూమ్ దగ్గర దిక్కు మాటే తలపెట్టలేదు! ముంగిలి తూర్పు గనక పెరడు పడమర. పొద్దున్నే ఎండలో కూర్చుని కాఫీ తాగాలన్నది మా కల. ఇల్లే ఆ ఎండకు అడ్డం. మధ్యాహ్నం పన్నెండు దాటితేగాని గదిలోకి ఎండ సరిగ్గా రాదు. ఇక జూన్‌లో ఇక్కడ పొద్దుగూకేది రాత్రి తొమ్మిదింటికి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా పడమటి ఎండ నేరుగా గది మొహాన కొడుతుంది. ఆ వేళలో ఏసీ వేసినా సోఫా మీద చెయ్యి పెడితే వేడే.

గాజు విషయంలోనూ పొరపాటు చేశాం. కొత్త కిటికీకి అతికించే స్టిక్కరు మీద ముఖ్యంగా రెండు అంకెలు చూసుకోవాలి. ఒకటి యూ ఫ్యాక్టర్, లోపలి వేడి బయటికి ఎంత పోతుందో చెబుతుంది. రెండోది ఎస్‌హెచ్‌జీసీ, ఎండ వేడి లోపలికి ఎంత వస్తుందో చెబుతుంది. దక్షిణం కిటికీలకు రెండో అంకె కాస్త ఎక్కువున్న గాజు, పడమరకు తక్కువున్న గాజు పెట్టించుంటే బాగుండేది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 24 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ ఏటవాలు ఎండ దక్షిణపు కిటికీలోంచి గది చివరిదాకా పాకుతుంది. ఉచితంగా వచ్చే ఆ వేడిని, మూడు వైపులా రెండో అంకె తక్కువున్న ఒకే రకం గాజు పెట్టి మేమే ఆపుకున్నాం. ఉత్తరాన అసలు కిటికీలే దండగ. అక్కడ మామూలు గోడ కట్టిస్తే చలీ తగ్గేది, పుస్తకాల అల్మరా పెట్టుకోవడానికీ చోటుండేది.

అయినా డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ ఎండెక్కడిది? పెద్ద సరస్సుల మీదుగా వచ్చే మబ్బు రోజుల తరబడి కదలదు. సన్‌రూమ్‌లో సన్ ఏదమ్మా అని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. మొదటి చలికాలమే పెద్ద పరీక్షయింది. 2019 జనవరి 30, మైనస్ 20 సెల్సియస్ దాటిన చలి. పైగా మకోంబ్ కౌంటీలో ఇళ్ల హీటింగ్‌కు గ్యాస్ పంపే ఒక కేంద్రంలో మంటలు. థర్మోస్టాట్ 65 ఫారెన్‌హీట్‌కి తగ్గించండి అని ఆ రాత్రి అందరి ఫోన్లూ మోగాయి. మా సన్‌రూమ్‌కు ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్‌తో సంబంధం లేదు, విడిగా ఒక టన్ను మినీ స్ప్లిట్ (వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ) పెట్టించాం. అది ఆ రాత్రి నడిచింది, కాని గది 52 దాటలేదు. కిటికీల అడుగున చెమ్మ పట్టి మంచు పేరుకుంది. ఇప్పటికీ జనవరిలో పొద్దున్నే పాత తువ్వాలుతో గాజు తుడవడం నా పని. సాంబారు మరిగించిన రోజున మరీ ఎక్కువ. మామూలు చలికాలంలో ఆ గది వల్ల కరెంటు బిల్లు నెలకు 70 డాలర్ల దాకా పెరుగుతుంది.

అంత కష్టపడి ఎందుకు అంటారా? మా అత్తయ్యగారు, మావయ్యగారు సత్తెనపల్లి నుంచి వచ్చి ఆరేసి నెలలుంటారు. వచ్చిన మొదటిసారి డెక్ ఉండేది. చలికీ దోమలకూ జడిసి బయటికి రాలేదు. రెండు నెలలకే టికెట్ ముందుకు మార్చమని గొడవ. గది కట్టాక వచ్చినప్పుడు మావయ్యగారు పడక్కుర్చీ ఆ మూలకు లాక్కున్నారు, ఇక లేవలేదు. దానికి గాజు వసారా అని పేరు పెట్టిందీ ఆయనే. జింకలొస్తే అందర్నీ పిలుస్తారు, మంచు పడుతుంటే వీడియో తీసి ఊళ్లో వాళ్లకు పంపిస్తారు. అత్తయ్యగారు మాత్రం జులైలో సగ్గుబియ్యం వడియాలు పెట్టి భంగపడ్డారు. ఆ గాజు వెలుతురును రానిచ్చి వేడిని వెనక్కి కొడుతుంది. రెండు రోజుల్లో ఎండాల్సినవి నాలుగు రోజులు పట్టాయి. "ఇదేం ఎండే, చూపుకే గాని పనికి రాదు" అన్నారు.

కరివేపాకు చెట్లు రెండు కుండీల్లో చలికాలమంతా అక్కడే. మొదటి ఏడాది కరెంటు మిగుల్చుదామని రాత్రుళ్లు 55కి తగ్గిస్తే ఆకంతా రాలి పుల్లలు మిగిలాయి. ఏప్రిల్లో చిగురించాయి లెండి. ఇప్పుడు 60కి తగ్గనివ్వను.

చిరాకులు లేకపోలేదు. 2021 ఫిబ్రవరిలో మంచు కరుగుతున్నప్పుడు పాత గోడకూ కొత్త కప్పుకూ మధ్య నుంచి నీళ్లు కారాయి. కట్టినవాళ్లను పిలిస్తే అది మంచు తప్పు, మా తప్పు కాదన్నారు. వేరే రూఫర్ వచ్చి సైడింగ్ (గోడ బయటి పలకలు) విప్పి చూస్తే, లోపల నీళ్లు దిగకుండా పెట్టే రేకు మడతలు, ఫ్లాషింగ్ అంటారు, అవి లేవు. సందులు మూసే జిగురు పూసి వదిలేశారు. అతనికి 1,850 డాలర్లు ఇచ్చుకున్నాం. మీరు కట్టిస్తే సైడింగ్ మూసేముందు ఆ ఫ్లాషింగ్ ఫోటో తీసుకోండి. వలస పిట్టలు గాజుకు కొట్టుకుని పడిపోయేవి, పాపం. కిటికీల బయటివైపు రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలు అతికించాక ఆగింది.

పన్ను సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మిషిగన్‌లో 1995 నుంచి ఇంటి మీద పన్ను విలువ ఏటా 5 శాతానికో ద్రవ్యోల్బణానికో, ఏది తక్కువైతే దానికి మించి పెరగదు. కొత్తగా కట్టినదానికి ఆ పరిమితి లేదు. దాని మార్కెట్ విలువలో సగం నేరుగా కలిపేస్తారు. మాకు ఏటా నాలుగొందల డాలర్ల పైచిలుకు పెరిగింది. అమ్మేటప్పుడు పెట్టిన డబ్బంతా వెనక్కొస్తుందని నేననుకోను. రావాలనుకునేవాళ్లు ఆ డబ్బు వంటింటికి పెట్టుకోండి.

మొన్న జనవరిలో గుళ్లో పరిచయమైన దంపతులు గది చూద్దామని వచ్చారు. మధ్యాహ్నం మూడు, బయటంతా బూడిద రంగు. ఆవిడ చుట్టూ చూసి ఏమీ అనలేదు. టీ తాగాక, మీ పెరడు ఏ దిక్కండీ అని అడిగాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, ఫోన్లో కంపాస్ తెరిచారు.