కెమెరా రెసిపీలు మెషిన్‌లోనే ఉంచాలా, సర్వర్‌లో పెట్టాలా: ఏది మేలు?

పాశమైలారం, జీడిమెట్ల వైపు మందుల ప్యాకింగ్ యూనిట్లలో మాత్రలు, ప్యాకింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఇన్‌స్పెక్షన్ కెమెరా కొనేటప్పుడు మాటలన్నీ మెగాపిక్సెళ్ల చుట్టూనే తిరుగుతాయి. లైన్ మొదలయ్యాక అసలు తలనొప్పి రెసిపీలతో. మాత్ర ఏ రంగు, బ్లిస్టర్‌లో (మాత్రల షీటులో) ఎన్ని గుంటలు, లైటు ఎంత, ఎంత తేడా ఉంటే రిజెక్ట్ చేయాలి అనే సెట్టింగులన్నీ కలిపితే ఒక రెసిపీ. ప్రొడక్ట్ మారినప్పుడల్లా ఇదీ మారాలి.

లైన్ పక్కనున్న కెమెరా పీసీలోనే దాచుకోవడం మొదటి పద్ధతి. నెట్‌వర్క్ పోయినా పని ఆగదు, అదనపు ఖర్చు లేదు. ఒకే లైను, నాలుగైదు ప్రొడక్టులు ఉన్న యూనిట్‌కి ఇది చాలు, బ్యాకప్ మాత్రం మానకూడదు. లైన్లు పెరిగితేనే చిక్కు. నైట్ షిఫ్ట్‌లో రిజెక్టులు ఎక్కువవుతున్నాయని ఎవరో టాలరెన్స్ (ఎంత తేడా దాకా ఒప్పుకోవాలన్న హద్దు) కాస్త వదులు చేస్తారు. తెల్లారేసరికి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫోల్డర్ తెరిస్తే 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ 2' అని వరసగా కనిపిస్తాయి. వాటిలో అప్రూవ్ అయినది ఏదంటే క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లూ తడుముకుంటారు.

అమెరికాకు సరుకు పంపేవాళ్లకు ఇది మామూలు టెన్షన్ కాదు. 1997లో వచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో సిస్టమే తేదీ, టైముతో రాసుకోవాలి. పాత విలువ చెరిగిపోకూడదు. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడే పీసీలో ఆ 'ఎవరు' తేలదు.

రెండోది సర్వర్. అప్రూవ్ అయిన వెర్షన్ ఒక్కటే లైన్‌కి దిగుతుంది, పాతవీ భద్రంగా ఉంటాయి, మార్చాలంటే క్యూఏ సంతకం కావాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఒకటో లైన్ రెసిపీని ఉన్నదున్నట్టు రెండో లైన్‌కి దింపితే మంచి బ్లిస్టర్లు కూడా రిజెక్ట్ బిన్‌లో పడటం మొదలవుతుంది. అక్కడ లెన్స్ కొంచెం ఎత్తులో ఉంటుంది, ఎల్‌ఈడీలు పాతబడి వెలుగు తగ్గి ఉంటుంది. స్పీడ్ తేడా ఇంకో గొడవ. నిమిషానికి 30 మీటర్లు పోయే కన్వేయర్ మీద ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫొటోకి కెమెరా వెలుగు తీసుకునే సమయం) 1 మిల్లీసెకను అయితే ఆలోపు కార్టన్ అర మిల్లీమీటరు జరుగుతుంది. బ్యాచ్ నంబర్‌లో 3కీ 8కీ తేడా మసకబారడానికి అది చాలు. 0.2 మిల్లీసెకన్లకు తగ్గిస్తే జరిగేది 0.1 మిల్లీమీటరే, కానీ అందుకు లైటు పెంచాలి. ఆ లైటు ఏ లైన్‌కి ఎంతన్నది ఆ లైన్‌దే లెక్క.

అందుకే నా ఓటు రెంటినీ విడదీసిన పద్ధతికి. మాత్ర రంగు, గుంటల లెక్క, టాలరెన్స్ ప్రొడక్ట్‌వి కాబట్టి సర్వర్‌లో ఉండాలి. ఎక్స్‌పోజర్, పిక్సెల్‌కి ఎన్ని మిల్లీమీటర్లన్న క్యాలిబ్రేషన్, కెమెరా నుంచి రిజెక్ట్ పాయింట్ దాకా దూరాన్ని లెక్కించే ఎన్‌కోడర్ పల్సులు మెషిన్‌వి, అవి మెషిన్ దగ్గరే ఉండాలి. వీటికీ లాగిన్, మార్పుల రికార్డు తప్పవు. సర్వర్ పడిపోయినా నడుస్తున్న బ్యాచ్ ఆగకుండా అప్రూవ్ అయిన కాపీ ఒకటి లోకల్‌గా ఉండాలి. మొదట్లో పని రెట్టింపే. లెన్స్ మార్చిన రోజు మాత్రం ప్రతి ప్రొడక్ట్ రెసిపీనీ తెరిచే పని ఉండదు.

బ్యాచ్‌కి రెసిపీ ఎంపిక విషయంలో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. 250, 500 మిల్లీగ్రాముల పేర్లు లిస్టులో పక్కపక్కనే ఉంటే వేలు జారుతుంది, బ్యాచ్ కాగితం మీది బార్‌కోడ్ స్కాన్ చేయడమే నయం. ఆ తర్వాత మాత్ర లేని బ్లిస్టర్, విరిగిన మాత్ర ఉన్న బ్లిస్టర్ కావాలనే పంపి, రెండూ బయటికి వచ్చాకే బ్యాచ్ మొదలుపెట్టాలి.

కొనే ముందు సప్లయర్‌ని ఒకటి అడగండి: రెసిపీలోంచి ఈ విలువలను విడివిడిగా బయటికి తీసి చదవొచ్చా? అన్నీ ఒకే లాక్ చేసిన ఫైల్‌లో వస్తాయంటే, సర్వర్ ఉన్నా విడదీయడం కుదరదు.