పదకొండేళ్ల తరవాత, ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగు రోజులు

2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టినప్పుడు నేనూ, నేను ప్రేమించినవాడూ ఒకే గదిలో కూర్చుని టీవీ చూస్తున్నాం. రెండు నెలలు తిరక్కుండా అతను దేశం వదిలి వెళ్లిపోయాడు. 2018 సెప్టెంబరులో అదే కోర్టు మాలాంటివాళ్లు నేరస్థులు కారని చెప్పే నాటికి మా మధ్య మాటలే లేవు. 2025 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి అతన్ని కలిశాను. ఇలా పాత మనిషి కోసం ప్రయాణం పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

స్కిపోల్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి సెంట్రల్ స్టేషన్‌కు పావుగంట పైచిలుకు. ఎదురు రావద్దని అతనికి ముందే చెప్పాను. రాత్రంతా నిద్రలేని ముఖంతో కనబడాలనిపించలేదు.

తన ఇంట్లోనే ఉండమన్నాడు. నేను హోటలే తీసుకున్నాను, మంచిపనే చేశాను. మొదటి సాయంత్రం కలిసి వచ్చాక తలుపు వేసుకుని ఏడవడానికి నాకంటూ ఒక గది కావాల్సి వచ్చింది. అయితే కాలువ ఒడ్డు పాత ఇళ్లలో నడిపే హోటళ్లలో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. లిఫ్ట్ ఉందో లేదో అడిగి బుక్ చేసుకోండి. నేను అడగలేదు, మూడో అంతస్తుకి పెట్టె మోసుకెళ్లాను. గది అద్దె మీద 12.5 శాతం టూరిస్ట్ పన్ను కూడా ఉంటుంది.

కలవడానికి చోటు అతనే చెప్పాడు: హోమోమాన్యుమెంట్ అనే స్వలింగ ప్రేమికుల స్మారకం. 13, 17 నంబర్ల ట్రాములు పక్కనే వెస్టర్‌మార్క్ట్‌లో ఆగుతాయి. గులాబి రంగు గ్రానైట్‌తో మూడు త్రికోణాలు. ఒకటి మెట్లుగా కాలువ నీటిలోకి దిగుతుంది, ఒకటి అరుగులా ఎత్తుగా ఉంటుంది, ఒకటి నేలతో సమానంగా పరిచి ఉంటుంది. నాజీలు స్వలింగ ప్రేమికుల బట్టల మీద కుట్టించిన గుర్తు అది. 1987లో స్మారకంగా కట్టారు. నేల మీది రాతిలో, స్నేహం కోసం హద్దుల్లేని తపన అనే అర్థం వచ్చే డచ్ పంక్తి చెక్కి ఉంది.

నీటి దగ్గరి మెట్ల మీద ఎవరో పెట్టిన పూలున్నాయి. అతను వచ్చి పక్కన కూర్చుని, "ఏరా, ఇంత చిక్కిపోయావేంటి?" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. నేను వెంటనే అటూ ఇటూ చూశాను, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరూ తల తిప్పలేదు. అతను మాత్రం నా చూపు గమనించాడు. "నాకూ ఆ అలవాటు పోవడానికి మూడేళ్లు పట్టింది" అన్నాడు. గంటకు పైగా అక్కడే ఉన్నాం. ఊళ్లో ఇంకేం చూడకపోయినా ఈ మెట్ల కోసం వెళ్లొచ్చు.

ఆన్ ఫ్రాంక్ ఇల్లు పక్కనే. టికెట్లు ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, వారాల ముందే అయిపోతాయి. మాకు దొరకలేదు. కాలువల్లో పడవ షికారు మాత్రం మాలాంటివాళ్లకు వద్దు. చెవిలో రికార్డు చేసిన వివరణ మోగుతుంటే పదకొండేళ్ల మాటలు ఎలా మాట్లాడుకుంటాం? దానికంటే సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి అవతలి ఒడ్డున ఒకప్పటి ఓడల యార్డు ఎన్‌డీఎస్‌ఎమ్‌కు వెళ్లే ఫెర్రీ ఎంతో మేలు. ఉచితం, పావుగంట ప్రయాణం, ఎదురుగా విశాలమైన నీళ్లు. ఆ సాయంత్రం మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం. వెళ్లిపోయేటప్పుడు నాకెందుకు చెప్పలేదని ఆ మూడో ప్రయాణంలో అడగగలిగాను. "చెప్తే ఆగిపోయేవాణ్ణి రా" అన్నాడు.

చివరి రెండు రాత్రులు హోటల్ గది ఖాళీగానే ఉంది. ముందే కట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు, నేనూ గట్టిగా అడగలేదు. అతని ఇంటి మెట్లు ఇంకా నిటారుగా ఉన్నాయి. ఈసారి పెట్టె అతను మోశాడు.