మిద్దెతోటకు షేడ్ నెట్: 50 శాతం వల ఎంతవరకు ఆదుకుంటుంది?

మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్లు ఎండాకాలానికి ఒకే ఒక్క వల కొనాలంటే 50 శాతం మోనోఫిలమెంట్ షేడ్ నెట్, అంటే గుండ్రటి ఒంటిపోగుతో అల్లిన, సగం వెలుగును ఆపే నీడ వల కొనాలి. 75 శాతం చవగ్గా ఇస్తామన్నా వద్దు, దాని కింద వంగ, మిరప తీగలా సాగి పూత పట్టవు. టమాట, వంగ, మిరప మాత్రమే వేసేవాళ్లకు 35 శాతం ఇంకా మేలు. కొట్లో అది లేకపోతే 50తో సర్దుకోవచ్చు.

శాతంతో పాటు పోగు ఏ రకమో కూడా చూడాలి. వేళ్ల మధ్య పెట్టి చూస్తే తెలిసిపోతుంది. గాలపు దారంలా గుండ్రంగా ఉంటే మోనో, రిబ్బనులా చదునుగా ఉంటే టేపు. టేపు వల ధర తక్కువ, నీడ కూడా బాగానే ఇస్తుంది. కానీ గాలికి రెపరెపలాడీ ఆడీ పోగులు నిలువునా చీలతాయి. చుట్ట లేబుల్ మీద ఐఎస్ 16008 అన్న ప్రమాణం నంబరు, 'యూవీ స్టెబిలైజ్డ్' (ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా చేసినది) అన్న మాట రెండూ ఉన్నాయేమో చూడండి. ఆ రక్షణ లేని వల ఒకటి రెండు ఎండాకాలాలకే పెళుసెక్కుతుంది, నలిపితే పొడి రాలుతుంది. ఆ పొడి చివరికి చేరేది మన కుండీల్లోకే.

లేబుల్ మీది శాతం నిజమో కాదో ఫోనుతోనే తేల్చుకోవచ్చు. మబ్బు లేని ఉదయం తొమ్మిదింటికి వెలుగును లక్స్‌లలో కొలిచే లక్స్ మీటర్ యాప్ తెరిచి, ఫోను తెర ఆకాశం వైపు ఉండేలా వల బయట ఒకసారి, వల కింద ఒకసారి కొలవాలి. బయట 40,000, లోపల 20,000 వస్తే అది 50 శాతం వలే. మిట్టమధ్యాహ్నం వెలుగు లక్ష లక్స్ దాకా పోతుంది, చాలా ఫోన్ల సెన్సర్లు అంత కొలవలేక మధ్యలోనే ఆగిపోతాయి. వలను మరీ లాగి కడితే కన్నాలు విచ్చుకుని నీడ తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. 50 శాతం వల రెండు పొరలు వేస్తే వచ్చేది 75 శాతం నీడ.

ఇక పనితీరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో ఈ వల మొక్క ప్రాణం కాపాడుతుంది. ఆకులు మాడవు, కాయల మీద తెల్లటి ఎండదెబ్బ మచ్చలు పడవు, గ్రో బ్యాగుల్లో వేళ్లు ఉడకవు. కాపు మాత్రం ఇవ్వలేదు. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటకు పుప్పొడి చెడి పూత రాలుతుంది. పగలంతా వేడెక్కిన స్లాబు రాత్రి ఆ వేడిని వదులుతుంటే పైనున్న వల చేయగలిగింది లేదు. కుండీలను స్టాండ్ల మీదో ఇటుకల మీదో ఎత్తి పెడితే ఆ సెగ కొంత తగ్గుతుంది. మేలో వల కింద టమాట కాయలేదని వలను తిట్టుకోవడం అన్యాయం. బతికిన మొక్కను జూన్‌లో కొంచెం కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ చిగురిస్తుంది, అసలు లాభం అక్కడుంది.

కొత్తిమీర, పాలకూర, మెంతి, నారు ట్రేలు వల కింద హాయిగా ఉంటాయి. బెండ, గోంగూర, గోరుచిక్కుడుకు వల అక్కర్లేదు, నీరు తప్పకుండా పోస్తే చాలు.

పురుగులు రావని కొట్లో చెప్పే మాట నమ్మకండి. తెల్లదోమను ఆపాలంటే 40 మెష్ (అంగుళం పొడవున 40 కన్నాలుండే) కీటక వల కావాలి, షేడ్ నెట్ కన్నాల్లోంచి అది దర్జాగా దూరిపోతుంది. నాలుగు వైపులా వల దించితే గాలి ఆడక పిండినల్లి పెరుగుతుంది, తేనెటీగలూ రావు. అలా మూసినచోట గుమ్మడి, దోస పూలకు పొద్దున్నే, బీర, సొర పూలకు సాయంత్రం చేత్తో పుప్పొడి అద్దాల్సిందే. కాబట్టి పక్కలు వదిలేసి పైన మాత్రమే వేయండి. ఇంకో చిన్న చిక్కు: పచ్చ వల కింద అన్ని ఆకులూ పచ్చగానే కనిపిస్తాయి. బెండకు పల్లాకు తెగులు (ఆకులు పసుపెక్కే జబ్బు) మొదలైనా కంటికి ఆనదు. అనుమానం వస్తే ఆకు తెంపి ఎండలోకి తెచ్చి చూడాలి.

ఎక్కువ డబ్బు పోయేది వల మీద కాదు, కట్టడంలో. 3 మీటర్ల వెడల్పు వల 10 అడుగుల పందిరికి సరిపోతుందనుకుంటారు, చాలదు. వడగళ్లు ఒకచోట పేరుకోకుండా జారాలంటే ఒకవైపు ఎనిమిదిన్నర అడుగులు, రెండోవైపు ఆరున్నర అడుగుల ఎత్తు పెట్టాలి. ఆ వాలు పోను అంచులు మడవడానికి దాదాపు నాలుగేసి అంగుళాలు మిగలాలంటే పందిరి వెడల్పు 9 అడుగులకు మించకూడదు. తక్కువ ఎత్తు వైపు పడమరకు ఉంటే సాయంత్రపు ఎండ కూడా ఆగుతుంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లగా పరుచుకున్న వడగళ్లు చూసినవాళ్లకు వాలు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. చదునుగా కట్టిన వల అంత బరువుకు సంచిలా దిగి, కర్రలతో సహా మొక్కల మీద కూలుతుంది.

స్లాబుకు రంధ్రాలు వేయకండి, వానాకాలం కింది గది కారుతుంది. అంగుళం జీఐ పైపును 20 లీటర్ల పెయింటు బకెట్‌లో నిలబెట్టి కాంక్రీటు నింపితే ఒక్కోటి 45 కిలోలు దాటుతుంది. 9 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు పందిరికి ఆరు కావాలి. వాటిని స్లాబు మధ్యలో కాకుండా పిట్టగోడ వెంటా, దూలాల మీదా ఉంచాలి. పైన పైపులన్నిటినీ క్లాంపులతో కలపాలి.

ఇంత బరువు పెట్టినా ధీమా పనికిరాదు. గంటకు 80 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరుకు దాదాపు 30 కిలోల ఒత్తిడి పడుతుంది. ఈ పందిరి మీది వల 17 చదరపు మీటర్లు. సగం గాలిని వదిలేసినా మిగిలేది 250 కిలోలు, ఆరు బకెట్లూ కలిపి 270. అందుకే ఒక పొడవాటి అంచును మాత్రం గట్టి తాడుతో పైపుకు కుట్టి, మిగతా మూడు వైపులా సన్నటి నూలు దారంతో కట్టాలి. ఈదురుగాలికి దారాలు తెగి వల జెండాలా ఎగురుతుంది, పందిరి నిలబడుతుంది. బైండింగ్ వైరుతో కడితే ముందు వల చిరుగుతుంది, చిరగకపోతే పైపులే వీధిలో పడతాయి.

మృగశిర వానలు నిలదొక్కుకోగానే వల తీసేయాలి. చాలామంది తీయరు, దిగుబడి పోయేది అక్కడే. మబ్బు రోజుల్లో ఉన్న కాస్త వెలుగులో సగం వల మింగేస్తే కాండం సాగుతుంది, ఆకులు తడి ఆరక తెగుళ్లు వస్తాయి. ఆగస్టులో వారం పది రోజులు వాన ముఖం చాటేసి ఎండ కాస్తే మొత్తం పరచక్కర్లేదు, నారు మీద ఒక ముక్క చాలు. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక రాగానే వల దించేయాలి. 2023లో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, కాబట్టి దీపావళి అయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు.

దించిన వలను సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, పైపు ముక్కకు చుట్టి ఎలుకలు చేరని చోట వేలాడదీయండి. పిండినల్లి గుడ్లు వల ముడుల్లో ఉండిపోతాయి, కడగకుండా దాస్తే మార్చిలో వలతో పాటు అవీ పైకెక్కుతాయి.