పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల హారర్ గేమ్‌కి స్టీమ్ ఎంతవరకు పనికొస్తుంది?

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. రక్తం, శవాలు, ఆత్మహత్య లాంటి సంగతులున్న హారర్ గేమ్‌ని ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా సొంతంగా విడుదల చేసుకోవాలంటే ఇవాళ స్టీమ్‌ని, అంటే కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌ని, మించిన చోటు నాకు కనిపించలేదు. అయితే అది సంతలో చోటు మాత్రమే ఇస్తుంది. జనాన్ని పిలుచుకొచ్చే పని మొత్తం మనదే. డబ్బు కట్టే ముందే ఈ సంగతి తెలిస్తే చాలా తలనొప్పి తప్పుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది అనంతపురం. ఉండేది బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో. పగలు ఆఫీసు, రాత్రి గేమ్. కథ, కోడింగ్ నావి. సౌండ్ మా పిన్ని కొడుకుది. బొమ్మలు గీసింది నా పాత రూమ్మేట్. ఒక తాలూకా ఆసుపత్రి మార్చురీలో నైట్ డ్యూటీ చేసే అటెండర్ కథ మాది. మాటలన్నీ తెలుగులో, మా సీమ యాసలోనే ఉంటాయి, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వస్తాయి. గేమ్‌లు తయారుచేసే గొడోట్ 4 అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాం. తెలుగు వత్తులు, గుణింతాలు అందులో సరిగ్గా కూర్చుంటాయి. అలాంటిదే అయిన యూనిటీలో మామూలుగా వాడే టెక్స్ట్ టూల్‌తో అక్షరాలు విడిపోయి కనిపిస్తుంటే గోడల మీద తెలుగు బోర్డులున్న ఆసుపత్రిని ఎలా చూపిస్తాం?

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది తిరిగొస్తుంది. ఆ తర్వాత అమ్మిన ప్రతి కాపీలో 30 శాతం వాళ్లది. డబ్బు కట్టాక 30 రోజులు ఆగాలి, 'త్వరలో వస్తోంది' పేజీ కనీసం రెండు వారాలు ఉండాలి. ఈ ఆలస్యం మీద చాలామంది విసుక్కుంటారు కానీ నాకైతే ఆ రెండు వారాలే చాలా తక్కువనిపిస్తుంది. పేజీ ఉన్నన్నాళ్లే విష్‌లిస్ట్‌లు, అంటే తర్వాత కొందామని గేమ్‌ని గుర్తుపెట్టుకునేవాళ్లు, చేరతాయి. గేమ్ విడుదలైన రోజు వాళ్లందరికీ స్టీమే మెయిల్ పంపుతుంది, తర్వాత 20 శాతం, ఆపైన తగ్గింపు పెట్టినప్పుడు మళ్లీ పంపుతుంది. ప్రచారానికి డబ్బుల్లేని మాలాంటి వాళ్లకి స్టీమ్ ఇచ్చే అసలు సాయం ఇదే. ట్రైలర్ సిద్ధమైతే చాలు, పేజీ పెట్టేయండి.

స్టీమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది కంటెంట్ సర్వే. చాలామంది దాన్ని గబగబా టిక్కులు పెట్టేసి వదిలేస్తారు. హింస ఎంత ఉంది, నగ్నత ఉందా, ఉంటే ఎలాంటిది అని అడుగుతుంది. చివర్లో ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. మీ గేమ్‌లో పెద్దలకు మాత్రమే తగిన సంగతులేమున్నాయో మీ మాటల్లో రాయాలి. అక్కడ రాసింది రాసినట్టే స్టోర్ పేజీలో అందరికీ కనిపిస్తుంది. మా గేమ్‌లో పోస్ట్‌మార్టం బల్ల మీద బట్టల్లేని శవం ఉంటుంది. లైంగిక దృశ్యం ఒక్కటీ లేదు. అయినా నగ్నత ఉన్నట్టే కదా, దాన్ని దాచిపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఆ పెట్టెలో ఏం రాయాలన్న దాని మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది.

"అక్కా, అంతా ముందే చెప్పేస్తే ఇంక భయమేముంటుంది?" అన్నాడు మావాడు.

"ఏం జరుగుతుందో చెప్పట్లేదురా. ఏం కనిపిస్తుందో చెప్తున్నాం. ఉరి వేసుకున్న మనిషిని ఇంట్లో చూసినవాళ్లు ఎవరైనా ఈ గేమ్ కొంటే? తెలియకుండా వాళ్లని ఆ గదిలోకి తోసేస్తామా?"

చివరికి రాసింది ఇది: 'ఈ గేమ్‌లో పోస్ట్‌మార్టం బల్ల మీద దుస్తులు లేని మృతదేహాలు కనిపిస్తాయి. లైంగిక దృశ్యాలు లేవు. ఒక పాత్ర ఆత్మహత్య చేసుకున్న తర్వాతి దృశ్యం, భార్యను కొట్టిన ఘటన గురించి సంభాషణ ఉన్నాయి. ఆత్మహత్య దృశ్యాన్ని సెట్టింగ్స్‌లో దాటేయవచ్చు.' చివరి వాక్యం రాయడం కోసమే దాటేసే ఆప్షన్ చేశాం. ప్లేటెస్ట్‌కి, అంటే విడుదలకి ముందే ఆడి చూడటానికి, వచ్చిన ఒకమ్మాయి అది వాడుకుని గేమ్ మొత్తం పూర్తి చేసింది. వెళ్తూ వెళ్తూ, ఆ ఆప్షన్ లేకపోతే మొదట్లోనే ఆపేసేదాన్నని చెప్పింది. మా గేమ్‌లో నేను గర్వపడేది ఏదంటే అదే చూపిస్తాను.

ఇక్కడే భయపడాల్సిన సంగతి ఒకటుంది. 2025 జులైలో స్టీమ్ తన నిబంధనల్లో ఒక కొత్తది చేర్చింది. పేమెంట్ సంస్థలు, కార్డు నెట్‌వర్క్‌లు, బ్యాంకుల నియమాలకు విరుద్ధం కావచ్చనిపించే కంటెంట్‌ని పెట్టకూడదట. ఆ నియమాలేమిటో గేమ్ చేసేవాడికి ఎవరూ విడమర్చి చెప్పరు. అదే నెలలో చిన్న గేమ్‌లు ఎక్కువగా దొరికే ఇచ్.ఐఓ అనే మరో ఆన్‌లైన్ స్టోర్ కూడా పేమెంట్ సంస్థల ఒత్తిడితో పెద్దల కంటెంట్ ఉన్న పేజీలన్నిటినీ వెతుకులాటలో కనిపించకుండా తీసేసింది. 'వైల్: ఎక్స్‌హ్యూమ్డ్' అనే హారర్ గేమ్‌ని స్టీమ్ ఆపేసిందీ ఆ రోజుల్లోనే. నిజమైన మనుషులతో లైంగిక చిత్రణ ఉందన్నది కారణం. చేసినవాళ్లు ఒప్పుకోలేదు, గేమ్‌ని ఉచితంగా వదిలేశారు. ఇటలీకి చెందిన శాంతా రాజియోనే స్టూడియో చేసిన 'హార్సెస్' సంగతి ఇంకా బాధగా ఉంటుంది. 2023లో సగంలో ఉన్న బిల్డ్ (అప్పటిదాకా తయారైన గేమ్ కాపీ) చూసి స్టీమ్ వద్దంది. వాళ్లు దృశ్యాలు మార్చామని చెప్పినా మళ్లీ చూడలేదు. 2025 డిసెంబర్‌లో అది వేరే స్టోర్లలో విడుదల కావాల్సి వచ్చింది.

ఈ విషయంలో స్టీమ్‌కి నేను మార్కులు ఇవ్వలేను. ఒక కథ చెప్పడానికి వీల్లేదని అనేటప్పుడు ఏ దృశ్యం, ఎందుకు అని చెప్పడం కనీస మర్యాద. అది దొరికేదాకా మనం చేయగలిగింది ఒక్కటే. ఇబ్బందికరమైన దృశ్యాలు పూర్తయి, వాటి చుట్టూ ఉన్న కథ కూడా బిల్డ్‌లో ఉన్నాకే స్టీమ్ వాళ్లు చూసి ఒప్పుకునే రివ్యూకి పంపాలి. బల్ల మీద శవం ఒక్కటే ఉండి, అది ఎవరిది, ఎందుకు అక్కడుందో లేని సగం బిల్డ్ చూసినవాళ్లు ఏమనుకుంటారో ఊహించుకోండి. రివ్యూకి మామూలుగా మూడు నుంచి ఐదు పనిదినాలు పడుతుంది, విడుదలకి కనీసం ఏడు పనిదినాల ముందు పంపమని వాళ్లే చెప్తారు. ఇలాంటి గేమ్‌కి నేనైతే నెల ముందే పంపుతాను.

బొమ్మల సంగతికి వద్దాం. స్టోర్‌లో గేమ్ పేరుతో కనిపించే బొమ్మని క్యాప్సూల్ అంటారు. అన్నిటికంటే చిన్నది 462 x 174 పిక్సెల్స్. జాబితాలో అది ఇంకా చిన్నగా, అగ్గిపెట్టె మీది బొమ్మంత కనిపిస్తుంది. అందులో తెలుగు పేరు పెడితే వత్తులు మసకబారిపోతాయి. పేరుని రెండు వరసల్లో, లావు అక్షరాలతో, వెనక ఏమీ లేకుండా గీస్తేనే చదవడానికి వచ్చింది. క్యాప్సూల్ మీద అవార్డుల పేర్లు, రివ్యూ మార్కులు, తగ్గింపు మాటలు రాయకూడదన్న నిబంధన 2022 సెప్టెంబర్ నుంచి ఉంది. పైగా ఆ బొమ్మ అన్ని వయసులవాళ్లూ చూడదగ్గదై ఉండాలి. మా ఆర్టిస్ట్ శవం కాలి బొటనవేలికి కట్టిన చీటీని దగ్గర్నుంచి గీసింది. పసుపు కాగితం, మెలి తిరిగిన దారం, చీటీ మీద పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీ. రక్తం చుక్క లేదు. అయినా ప్లేటెస్ట్‌కి వచ్చినవాళ్లు ఆ బొమ్మ గురించే ఎక్కువ అడిగారు. స్క్రీన్‌షాట్లలో కూడా కనీసం నాలుగు అన్ని వయసులకూ తగినవని గుర్తు పెట్టాలి. అవే స్టోర్‌లో మిగతా చోట్ల కనిపిస్తాయి కాబట్టి వాటికి మంచివి ఎంచుకోండి.

ట్రైలర్ రెండు రకాలుగా కట్ చేయండి. యూట్యూబ్‌లో వయసు పరిమితి పడితే ఆ వీడియో బయటి సైట్లలో దాదాపు ఎక్కడా ఆడదు, యాడ్‌గా కూడా వాడుకోలేం. రక్తం లేనిది యూట్యూబ్‌కి, పూర్తిది స్టీమ్ పేజీకి. మా యూట్యూబ్ ట్రైలర్‌లో చీకటి కారిడార్, ఫ్రీజర్ మోటారు హోరు, 'ఎవురప్పా ఆడ?' అనే ఒక్క గొంతు, అంతే. ఆ గొంతు మా పెదనాన్నది.

ప్రచారం గురించి బెంగళూరులో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఇక్కడ గేమ్ ప్రచారం చేసిపెడతామనే చిన్న సంస్థలు బాగానే ఉన్నాయి. మేం ఒకదానికి అడ్వాన్స్ ఇచ్చాం. 18 ఏళ్లు దాటినవాళ్లకే అని రాతపూర్వకంగా చెప్పాం కూడా. వాళ్లు మా ట్రైలర్‌ని స్కూలు పిల్లలు చూసే మొబైల్ గేమ్ పేజీల్లో పెట్టారు. తీసేయమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తే గానీ తీయలేదు, డబ్బు వెనక్కి రాలేదు. డబ్బు పోయినందుకంటే ఆ గేమ్ పిల్లల కళ్లబడినందుకు నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఎక్కడెక్కడ పెడతారో పేజీల జాబితా ముందే తీసుకుని, దాన్ని ఒప్పందంలో రాయించుకోండి.

పేజీ పెట్టిన మర్నాటి నుంచే కీలు, అంటే గేమ్‌ని ఉచితంగా తెరిచే కోడ్‌లు, అడిగే మెయిళ్లు మొదలవుతాయి. పెద్ద యూట్యూబర్ పేరుతో, ఒక అక్షరం తేడా ఉన్న మెయిల్ ఐడీ నుంచి, 'నాలుగైదు కీలు పంపండి, మా ఫాలోవర్లకి ఇస్తాం' అని ఉంటుంది. ఆ కీలు అమ్మకానికి పోతాయి. ఛానల్ 'అబౌట్'లో ఉన్న మెయిల్‌కే జవాబివ్వండి. స్టీమ్‌లో గేమ్‌లని సిఫారసు చేసే క్యురేటర్లయితే అక్కడే క్యురేటర్ కనెక్ట్ అనే ఏర్పాటు ఉంది. కీ చేతికివ్వకుండా కాపీ నేరుగా వాళ్ల ఖాతాకి వెళ్తుంది. దీన్ని అందరూ వాడాలి. ఉచిత కీలతో ఆడినవాళ్లు రాసిన రివ్యూలు స్టోర్ పేజీలో కనిపించే రివ్యూ స్కోర్‌లో కలవవు, స్టీమ్‌లో కొన్నవాళ్లవే లెక్క. ఆ స్కోర్ కనిపించాలంటే కనీసం పది రివ్యూలు కావాలి. కాబట్టి చుట్టాలకి కీలు పంచడం కంటే 'కొని ఆడండి, నచ్చితే రెండు ముక్కలు రాయండి' అని అడగడం మేలు. అడగడంలో సిగ్గేమీ లేదు.

మాకు నిజంగా పనిచేసింది తెలుగు హారర్ స్ట్రీమర్లే. చిన్న ఛానళ్లు, రాత్రి పూట లైవ్ పెట్టేవాళ్లు. మన ఊరి ఆసుపత్రి, మన యాస వినగానే చాట్‌లో జనం తమ ఊరి మార్చురీ కథలు చెప్పడం మొదలెట్టారు. ఏ యాడ్‌తోనూ అంత విష్‌లిస్ట్ రాలేదు.

రాబోయే గేమ్‌ల డెమోలు ఆడించే స్టీమ్ పండగ నెక్స్ట్ ఫెస్ట్ ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబర్‌లలో వస్తుంది. ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం. అందుకని విష్‌లిస్ట్‌లు కొంత చేరాక, డెమో గట్టిగా ఉన్నాకే వెళ్లండి. అక్టోబర్ చివర్లో హారర్ గేమ్‌ల కోసమే స్క్రీమ్ ఫెస్ట్ ఉంటుంది. ఆ వారానికి గేమ్ గానీ డెమో గానీ సిద్ధంగా పెట్టుకోండి.

ఇంక రీఫండ్. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడితే డబ్బు వెనక్కిస్తారు. కొనేవాళ్లకి మంచిదే, నేనూ వాడుకున్నాను. కానీ హారర్ గేమ్ గంటన్నరలో అయిపోతే తప్పేముంది? భయాన్ని సాగదీస్తే అది చచ్చిపోతుంది. పూర్తిగా ఆడి, బాగుందని రివ్యూ కూడా రాసి, డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లున్నారు. 2021లో ఒక చిన్న హారర్ డెవలపర్ ఇలాంటి రీఫండ్ల వల్లే గేమ్‌లు చేయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. చివరిదాకా ఆడేసిన చిన్న గేమ్‌లకి వేరే నియమం ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. మా ఫ్లాట్‌లో ప్లేటెస్ట్ చేసినప్పుడు చాలామంది రెండు గంటల్లోపే ముగించారు. సాగదీయమని సలహాలొచ్చాయి. మేం సాగదీయలేదు, ధర తగ్గించాం. మొదటిసారి ఆడినప్పుడు తెరుచుకోని గదిని రెండోసారి తెరిచే ముగింపు ఒకటి కలిపాం.

ఇచ్.ఐఓని కూడా వదలకండి. వాళ్ల వాటా ఎంతో మనమే నిర్ణయించవచ్చు, మార్చకపోతే 10 శాతం. తొలి డెమో పెట్టి మాటలు వినడానికి బాగుంటుంది.

ఆఖరికి డబ్బు చేతికొచ్చే సంగతి. బ్యాలెన్స్ 100 డాలర్లు దాటితేనే స్టీమ్ పంపుతుంది, నెల ముగిశాక తర్వాతి నెలాఖరులోగా బ్యాంకుకి వైర్ ట్రాన్స్‌ఫర్‌లో వస్తుంది. ట్యాక్స్ ఇంటర్వ్యూలో (పన్ను వివరాలడిగే ఆన్‌లైన్ ఫారంలో) భారత్, అమెరికా పన్ను ఒప్పందం వర్తింపజేసుకుంటే అమెరికా అమ్మకాల మీద పన్ను కోత 30 నుంచి 15 శాతానికి తగ్గుతుంది. పాన్ కార్డు పక్కన పెట్టుకుని కూర్చోండి. బ్యాంకు ఖాతాలో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఇవ్వండి. కంటెంట్ సర్వే కూడా ఆ రోజే పూర్తిచేయండి. 2024 నవంబర్ నుంచి వయసు రేటింగ్ లేని గేమ్‌లు జర్మనీలో కనిపించవు, ఆ సర్వే పూర్తిచేస్తే రేటింగ్ అక్కడే వచ్చేస్తుంది.